ఊరికే ఇచ్చినా పేరుండాలి

శుక్రవారం సాయంత్రం ఆరు దాటితే మా డైనింగ్ టేబుల్ మాది కాదు. మా అమ్మాయి, దాని స్నేహితులు నలుగురు వచ్చి చుట్టూ కూర్చుంటారు. కాగితాలు, పెన్సిళ్ళు, ఇరవై ముఖాల పాచికలు, చిప్స్ పాకెట్లు. రాత్రి పదకొండింటి దాకా నవ్వులూ కేకలే. మొదట్లో నాకు ఇదేం ఆటో అర్థమయ్యేది కాదు. బోర్డు లేదు, పేకముక్కలు లేవు. చివరికి ఎవరు గెలిచారని అడిగితే "గెలవడం ఏంటమ్మా?" అని నన్నే వింతగా చూసేవాళ్ళు.

మీ ఇంట్లో టీనేజి పిల్లలుంటే మీకూ తెలిసే ఉంటుంది. వీటిని టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని "నేనిప్పుడు తలుపు తోస్తాను", "నేను ఆ ముసలమ్మతో మాట్లాడతాను" అంటూ ఉంటారు. అనుకున్నది జరిగిందో లేదో పాచిక చెబుతుంది. చిన్నప్పుడు మనం గుజ్జనగూళ్ళు వండుకుని, బొమ్మల పెళ్ళిళ్ళు చేసుకుని ఆడిన ఉత్తుత్తి ఆటకి ఒక రూల్స్ పుస్తకం ఉంటే ఎలా ఉంటుందో, ఇదీ అలాంటిదే. ఈ ఆటలన్నిటికీ పెద్దక్క 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేస్తే 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి బయటికి వచ్చింది.

ఈ ఆటలు ఆడేవాళ్ళు కొన్నాళ్ళకి ఊరుకోరు. సొంత కథలు, సొంత రాక్షసులు, సొంత రూల్స్ రాసుకోవడం మొదలుపెడతారు. దానికి 'హోమ్‌బ్రూ' అని పేరు. మన మాటల్లో ఇంటి తయారీ. చాలామంది వాటిని నెట్‌లో ఊరికే ఇచ్చేస్తుంటారు. మా అమ్మాయీ అదే చేద్దామనుకుంది.

అది రాసిన ఆట పేరు 'బేతాళుడి బరువు'. మనందరికీ తెలిసిన విక్రమార్కుడి కథే. ఒకరు రాజు. ఒకరు భుజాన ఉన్న బేతాళుడు. బేతాళుడు కథ చెప్పి చివర చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే మౌనం చెడి బేతాళుడు చెట్టెక్కేస్తాడు. మిగిలిన పిల్లలు శ్మశానం దారిలో ఎదురయ్యే భూతాలు, బాటసారులు. ఇరవై నాలుగు పేజీలు. కథల్లో చాలావరకు వాళ్ళ అమ్మమ్మ ఫోన్‌లో చెప్పినవి. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. ఆ తెలుగు చూసి నేను మురిసిపోతూ ఉంటే అది వచ్చి అడిగింది.

"అమ్మా, దీనికి ఏ లైసెన్స్ పెట్టను?"

"ఊరికే ఇచ్చేదానికి లైసెన్సు ఎందుకే?" అన్నాను.

ఆ మాట ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు నెలరోజులు పట్టింది. నేను లాయర్ని కాను. కానీ ఆ నెలరోజుల్లో చదివి తెలుసుకున్నది మీలో చాలామందికి పనికొస్తుందనిపించి ఈసారి దీని గురించే రాస్తున్నాను. ఆటలు రాసే పిల్లలు లేకపోయినా, మనలో ఎంతమంది వంటల పీడీఎఫ్‌లు, పిల్లలకి తెలుగు వర్క్‌షీట్లు, వ్రతకథలు, ముగ్గుల పుస్తకాలు తయారుచేసి వాట్సాప్‌లో పంచుతున్నామో లెక్కేసుకోండి.

ముందు మౌలికమైన సంగతి. అమెరికా చట్టం ప్రకారం ఒక రచన కాగితం మీదకో కంప్యూటర్‌లోకో ఎక్కిన క్షణం నుంచే దానికి కాపీరైట్ ఉంటుంది. రిజిస్టర్ చేయించనక్కరలేదు. 1989 మార్చి నుంచి ఆ సున్నా చుట్టిన 'సీ' గుర్తు కూడా పెట్టనక్కరలేదు. రాసినవాళ్ళ జీవితకాలం, ఆ పైన ఇంకో 70 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. పదహారేళ్ళ పిల్ల రాసినా అంతే, హక్కు ఆ పిల్లదే.

అంటే మనం ఏమీ అనకుండా నెట్‌లో పెడితే, "ఊరికే చదువుకోండి" అని మాత్రమే అన్నట్టు. కాపీ చేసి పంచడానికి గానీ, మార్చడానికి గానీ, తెలుగులోంచి తమిళంలోకి తిప్పుకోవడానికి గానీ ఎవరికీ అనుమతి ఇచ్చినట్టు కాదు. న్యూజెర్సీలో ఎవరో తెలుగు టీచరుకి ఈ ఆట నచ్చి తన క్లాసుకి సరిపడేట్టు మార్చుకుని ఇంకో నలుగురు టీచర్లకి పంపాలనుకుంటే, మా అమ్మాయికి మెయిల్ రాయాలి. పదేళ్ళ తర్వాత ఆ మెయిల్ అడ్రస్ ఉంటుందా? మంచి మనసున్నవాళ్ళు భయపడి వదిలేస్తారు. భయం లేనివాళ్ళు ఎలాగూ అడగరు. లైసెన్సు అనేది ఆ మంచివాళ్ళ కోసం ముందే రాసిపెట్టే అనుమతి చీటీ.

అయితే కాపీరైట్ అన్నిటికీ ఉండదు. ఇది మనకి వంటింట్లోంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఆవకాయకి ఎన్ని కాయలకి ఎంత కారం, ఎంత ఆవపిండి అన్న కొలతల జాబితా మీద ఎవరికీ కాపీరైట్ లేదు. మీ అత్తగారు ఆవకాయ పెట్టిన రోజు గురించి మీరు రాసిన నాలుగు పేరాల మీద ఉంది. ఆటలూ అంతే. ఆడే పద్ధతి ఎవరి సొత్తూ కాదు, దాన్ని వివరిస్తూ రాసిన వాక్యాలు, వేసిన బొమ్మలు రాసినవాళ్ళవి. ఈ తేడాని అమెరికా సుప్రీంకోర్టు 1879లోనే చెప్పింది. అది జమాఖర్చుల పుస్తకం గురించిన బేకర్ వర్సెస్ సెల్డన్ కేసు. లెక్కలు రాసే పద్ధతి అందరిదీ, దాన్ని వివరించిన పుస్తకం మాత్రం రచయితది అని తేల్చారు. కాబట్టి "నోరు విప్పితే బేతాళుడు చెట్టెక్కుతాడు" అన్న ఆట పద్ధతిని మా అమ్మాయి ఎవరికీ ఇవ్వనక్కరలేదు, ఎవరి దగ్గరా దాచనూ లేదు. లైసెన్సు వర్తించేది అది రాసిన మాటలకే.

ఇంత చిన్న పిల్లకి లైసెన్సుల గొడవ ఎందుకు తెలిసిందంటే, 2023 జనవరి వల్ల. అప్పుడు వీళ్ళ శుక్రవారం సభలో ఆట ఆగిపోయి రెండు వారాలు దాని మీదే చర్చ. నేను వంటింట్లోంచి విని, ఏదో పిల్లల గొడవ అనుకున్నాను.

జరిగింది ఇదీ. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని మొదట వేసిన టీఎస్ఆర్ కంపెనీని 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనుక్కుంది. 1999లో ఆ విజార్డ్స్‌ని బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొంది. 2000లో విజార్డ్స్ వాళ్ళు 'ఓపెన్ గేమ్ లైసెన్స్' అని ఒకటి తెచ్చారు. తమ రూల్స్‌లో కొంత భాగాన్ని విడిగా ఒక పత్రంగా ఇచ్చి, "దీన్ని ఎవరైనా వాడుకుని సొంత పుస్తకాలు వేసుకోవచ్చు, మాకు పైసా కట్టక్కరలేదు" అన్నారు. ఆ నమ్మకం మీద ఇరవై ఏళ్ళలో ఎంతోమంది చిన్న ప్రచురణకర్తలు బతికారు. ఇంట్లో కూర్చుని రాసుకునే అమ్మలు, నాన్నలు, కాలేజీ పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. పైజో అనే కంపెనీ 2009లో అదే లైసెన్సు మీద 'పాత్‌ఫైండర్' అనే పెద్ద పోటీ ఆటే తెచ్చింది.

2023 జనవరి 5న గిజ్మోడో ఒక వార్త రాసింది. విజార్డ్స్ వాళ్ళు కొత్త లైసెన్సు తయారుచేస్తున్నారు, పాతదాన్ని చెల్లనిదిగా ప్రకటించబోతున్నారు అని. బయటపడ్డ ఆ ముసాయిదాలో ఏడాదికి 50 వేల డాలర్లు దాటి వస్తే లెక్కలు చూపాలి, ఏడున్నర లక్షల డాలర్లు దాటితే ఆ పై మొత్తంలో 25 శాతం దాకా కట్టాలి అని ఉంది. దానికన్నా చాలామందికి గుచ్చుకున్నది ఇంకోటి. మీరు రాసినదాన్ని మేమూ వాడుకోవచ్చు అన్న షరతు.

ఇరవై ఏళ్ళ కిందట ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చా? ఇక్కడే ఒక్క పదం దగ్గర తగాదా వచ్చింది. పాత లైసెన్సులో "శాశ్వతం" అని ఉంది గానీ, "వెనక్కి తీసుకోలేము" అని లేదు. పైగా "అధీకృతమైన" ఏ వెర్షనైనా వాడుకోవచ్చని రాసి ఉంది. అయితే ఇక మీదట పాతది అధీకృతం కాదని మేమంటాం అన్నది కంపెనీ వాదన. మనవాళ్ళు పొలం దస్తావేజు రాయించుకునేటప్పుడు "ఆచంద్రతారార్కం" అని రాయించుకుని మురిసిపోతే, ఇంకో మూల వేరే మాట ఉన్నట్టు.

అభిమానులు మండిపడ్డారు. ఆ కంపెనీ వెబ్‌సైట్లో నెలనెలా కట్టే సభ్యత్వాలు చాలామంది రద్దు చేసుకున్నారు. కంపెనీ కొంచెం మెత్తబడి ఇంకో ముసాయిదా పెట్టి సర్వే చేస్తే 15 వేల మందికి పైగా జవాబిచ్చారు. పాత లైసెన్సుని రద్దు చేయడం నచ్చలేదన్నవాళ్ళు 89 శాతం. కొత్తదాని కింద మా రచనలు వెయ్యం అన్నవాళ్ళు 88 శాతం. జనవరి 27న విజార్డ్స్ వాళ్ళు పూర్తిగా వెనక్కి తగ్గారు. పాత లైసెన్సు అలాగే ఉంటుందన్నారు. అంతటితో ఆగకుండా, ఎస్ఆర్‌డీ 5.1 అనే నాలుగు వందల పేజీల రూల్స్ పత్రాన్ని మొత్తం 'క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0' కింద పెట్టేశారు. ఈలోగా పైజో వాళ్ళు ఏ ఆటల కంపెనీ చేతిలోనూ ఉండని 'ఓఆర్‌సీ' అనే ఇంకో లైసెన్సు తయారుచేయించారు.

క్రియేటివ్ కామన్స్ ఎందుకంటే, ఆ లైసెన్సు ఏ ఆటల కంపెనీదీ కాదు. 2001లో అమెరికాలో పుట్టిన ఒక లాభాపేక్ష లేని సంస్థది. ఇప్పుడున్న 4.0 వెర్షన్‌లో "వెనక్కి తీసుకోలేము" అన్న మాట స్పష్టంగా ఉంది. ఆ రెండు వారాల గొడవలో మా పిల్లలు నేర్చుకున్న పాఠం ఏమిటంటే, ఇచ్చేవాడి మంచితనం కన్నా కాగితం మీది మాట ముఖ్యం అని. ఆ వయసులో నాకు ఆ పాఠం ఎవరూ చెప్పలేదు.

ఇక మా ఇంటి చర్చకి వస్తాను. క్రియేటివ్ కామన్స్‌లో ఆరు లైసెన్సులున్నాయి గానీ, నాలుగు ముక్కలు తెలిస్తే చాలు. 'బై' అంటే నా పేరు చెప్పాలి. ఇది ఆరింటిలోనూ ఉంటుంది. 'ఎన్‌సీ' అంటే వ్యాపారానికి వాడకూడదు. 'ఎన్‌డీ' అంటే మార్చినదాన్ని పంచకూడదు. 'ఎస్ఏ' అంటే నా దాన్ని మార్చి పంచితే, మీదీ ఇదే లైసెన్సు కింద పంచాలి. ఎస్ఏ సంగతి మా అమ్మకి ఫోన్‌లో చెబితే "ఓహో, పెరుగు తోడు లాగానా? మన దగ్గర తోడు తీసుకున్నవాళ్ళు రేపు ఇంకొకళ్ళు అడిగితే లేదనకూడదు, అంతేగా" అంది. అంతే. తెలుగు వికీపీడియాలో మనం చదివే వ్యాసాలన్నీ ఆ తోడు పద్ధతిలోనే ఉన్నాయి. ఇవన్నీ కాక, పేరు కూడా వద్దనుకునేవాళ్ళకి 'సీసీ జీరో' అని ఉంది.

మా అమ్మాయి ఒట్టి 'బై' పెడతానంది. నేను ఎన్‌సీ పెట్టాల్సిందే అన్నాను. "నువ్వు ఆరు నెలలు కూర్చుని రాస్తే, ఎవడో ప్రింటు వేసి అమ్ముకుంటాడా?" అని నా వాదన.

"అమ్ముకోనీ. నా పేరు ఉంటుంది కదా."

"పేరు ఉంటే ఏమొస్తుందే?"

దాని తర్వాత వారం రోజులు నేను ఆలోచించింది ఆట గురించి కాదు, ఒక పాత సంగతి గురించి. చాలా ఏళ్ళ కిందట ఒక సంఘం సావనీరుకి బొమ్మల కొలువు మీద వ్యాసం రాసిచ్చాను. మా అమ్మమ్మ పెట్టే కొలువు, మెట్ల వరస, పేరంటంలో పాడే పాటలు. డబ్బు ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. కొన్నేళ్ళకి ఇంకో ఊళ్ళో స్నేహితురాలి ఇంటికి వెళితే, టీపాయ్ మీద ఆ ఊరి సావనీరు ఉంది. తిరగేస్తే నా వ్యాసం. పేరాలు కూడా మారలేదు. కింద వేరే పేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సావనీరు పది డాలర్లకి అమ్మారో, ఊరికే ఇచ్చారో నేనసలు అడగనే లేదు. నాకు బాధ కలిగింది డబ్బు గురించి కాదని అప్పుడే తెలిసి ఉండాల్సింది. మా అమ్మాయి అడిగేదాకా తెలియలేదు.

ఎన్‌సీతో ఇంకో చిక్కు కూడా ఉంది. వ్యాపారం అంటే ఎక్కడ మొదలవుతుంది? ఫీజు తీసుకునే ఆదివారం తెలుగు బడిలో పిల్లలు ఈ ఆట ఆడితే? గుడి నిధి కోసం టికెట్ పెట్టి ఆటల రాత్రి జరిపితే? లైసెన్సులో ఉన్న మాట "ప్రధానంగా వాణిజ్య ప్రయోజనం కోసం" వాడకూడదని. దానికి ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకోవచ్చు. ఎవరైతే వాడుకోవాలని మనం అనుకుంటామో, ముందు వాళ్ళే భయపడి మానేస్తారు. ఎన్‌సీ తప్పని నేననను. రేపు పుస్తకంగా వేసి అమ్మాలనుకునే రచయిత్రికి అది సరైన కంచే. ఆ కంచె ఇతరులకే గానీ హక్కున్న మనకి కాదు కూడా. కానీ ఏ జంతువుని ఆపడానికి కంచె వేస్తున్నామో తెలిసి వెయ్యాలి.

"మరి ఎవరైనా నీ కథని చెత్తగా మార్చి నీ పేరు పెడితే?" ఇది నా ఆఖరి బాణం. దానికీ లైసెన్సులో జవాబుంది. మార్చినవాళ్ళు మార్చామని చెప్పాలి. మనం దాన్ని మెచ్చుకున్నట్టు చూపకూడదు. మన పేరు తీసెయ్యమని మనం అడిగితే వీలైనంతవరకు తీసెయ్యాలి. నేను ఓడిపోయాను.

అయినా తల్లిగా ఒక షరతు పెట్టాను. పదహారేళ్ళ పిల్ల పూర్తి పేరు నెట్‌లో వద్దు అని. దానికీ అడ్డు లేదు. కలంపేరు ఇస్తే ఆ కలంపేరే చెప్పాలి. ఇంకో సంగతి. మైనర్లకి కాపీరైట్ ఉంటుంది గానీ, వాళ్ళు చేసుకునే ఒప్పందాల విషయంలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం ఉంది. అందుకని మేమిద్దరం తల్లిదండ్రులుగా మాకు సమ్మతమేనని ఒక కాగితం రాసి సంతకాలు పెట్టి ఉంచాం. ఒకసారి ఇచ్చాక వెనక్కి లేదు కాబట్టి, ఇంట్లో అందరూ తెలిసే ఇచ్చాం అన్నది ముఖ్యం.

లైసెన్సు ఎంచుకోవడం తేలిక పనే అని తర్వాత తెలిసింది. అసలు పని వేరే ఉంది. మనది కానిదాన్ని మనం ఇవ్వలేం కదా. ఇరవై నాలుగు పేజీల్లో మనది ఏది, కానిది ఏది?

మొదట బొమ్మలు. వాటిని వేసింది దాని స్నేహితురాలు. ముఖచిత్రం చూడగానే నేను గుర్తుపట్టాను. కత్తి పట్టుకుని, భుజాన శవంతో నడిచే రాజు. చందమామలో శంకర్ గారు వేసిన బొమ్మకి ట్రేసింగ్. ఆ బొమ్మ మన ఇళ్ళలో ఎంతగా కలిసిపోయిందంటే, దానికి ఒక చిత్రకారుడు ఉన్నాడని, ఆయన 2020 దాకా మన మధ్యే ఉన్నాడని మనకి తోచదు. అది కుదరదంటే ఆ పిల్ల ఏఐతో ఒక బొమ్మ చేయించి తెచ్చింది. అదీ చిక్కే. మనిషి సృజన లేకుండా యంత్రం చేసిన బొమ్మకి కాపీరైట్ ఇవ్వమని అమెరికా కాపీరైట్ ఆఫీసు అంటోంది. 2023 ఫిబ్రవరిలో 'జార్యా ఆఫ్ ది డాన్' అనే కామిక్ విషయంలో రాతకి, అమరికకి హక్కు ఇచ్చి, ఏఐ బొమ్మలకి లేదన్నారు. హక్కే లేనిదానికి లైసెన్సు ఏమిటి? చివరికి ఆ పిల్ల రెండు వారాలు కూర్చుని సొంతంగా వేసింది. రాజు కొంచెం బొద్దుగా ఉన్నాడు గానీ, మన రాజే. తన బొమ్మల్ని ఎవరూ అమ్మకూడదు, మార్చకూడదు అంది. అది ఆ పిల్ల హక్కు. కాబట్టి రాతకి ఒక లైసెన్సు, బొమ్మలకి ఇంకోటి. ఏ భాగానికి ఏదో మొదటి పేజీలోనే రాశారు.

తర్వాత భూతాల లెక్కలు. కొన్ని డంజన్స్ అండ్ డ్రాగన్స్ నుంచి తీసుకుంది. ఎస్ఆర్‌డీలో ఉన్నవి తీసుకోవచ్చు, అందులోనే ఇచ్చిన కృతజ్ఞతా వాక్యాన్ని ఉన్నదున్నట్టు పెట్టాలి. పుస్తకాల్లో ఉన్నవన్నీ ఎస్ఆర్‌డీలో ఉండవు. బిహోల్డర్ అనే ఆ కళ్ళ రాక్షసి వివరాలు అందులో లేవు, తీసేసింది. ఆట పేరు ట్రేడ్‌మార్కు కాబట్టి అట్ట మీద ఆ పేరు వాడకుండా "ఫిఫ్త్ ఎడిషన్‌కి సరిపోతుంది" అని మాత్రం రాసింది. అలా రాయవచ్చని ఆ పత్రమే చెబుతోంది. ఈ రకం రచనలు అమ్మిపెట్టే 'డీఎమ్స్ గిల్డ్' అనే సైటు కూడా చూశాం. అక్కడ పెడితే ఇంకెక్కడా పెట్టకూడదన్న ఒప్పందం ఉంది. అలాంటి చోట ఓపెన్ లైసెన్సు కుదరదు. టిక్కు పెట్టేముందు చదవమని పిల్లలకి చెప్పండి.

అక్షరాల దగ్గర మాత్రం సంతోషమే. తెలుగు ఫాంట్లకి కూడా లైసెన్సులుంటాయని ఎంతమందికి తెలుసు? సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన గిడుగు, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో 'ఓపెన్ ఫాంట్ లైసెన్స్' కింద ఉన్నాయి. పుస్తకంలో వాడుకోవచ్చు, పుస్తకాన్ని అమ్ముకోవచ్చు. ఒట్టి ఫాంటునే మూటగట్టి అమ్మకూడదు, అంతే. ఈ దేశంలో ఉన్న తెలుగువాళ్ళు ముందే తోడు పెట్టి ఉంచారన్నమాట. దాని శీర్షిక ఇప్పుడు రామభద్ర అక్షరాల్లో ఉంది.

అన్నిటికన్నా కష్టమైంది కథలు. అమ్మమ్మ చెప్పినవి ఐదు. అమ్మకి ఫోన్ చేసి ఒక్కొక్కటీ ఎక్కడిదని అడిగాం. చనిపోయిన అమ్మాయి కోసం ముగ్గురు వరులు, ఒకడు చితాభస్మం మీద పడుకోవడం, ఒకడు అస్థికలు గంగకి తీసుకెళ్ళడం, ఒకడు మంత్రం నేర్చుకొచ్చి బతికించడం. అది అసలైన బేతాళ కథే, పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉంది. తలలు తారుమారైన కథా అంతే. అవి అందరివీ. కానీ చందమామ వాళ్ళు పాత పాతిక కథలతో ఆగలేదు. అదే చట్రంలో దశాబ్దాల పాటు కొత్త కథలు అల్లారు. అమ్మ చెప్పిన ఒకటి అందులోదని తేలింది. ఇంకో కథలో మాంత్రికుడు 'రాకాసిలోయ' సీరియల్లోంచి నడిచొచ్చేశాడు. పత్రిక ఆగిపోయినంత మాత్రాన హక్కులు ఆగిపోవు. అవి ఎవరివో, ఎప్పటిదాకానో తేల్చడం మా వల్ల అయ్యే పని కాదు. ఆ రెండూ తీసేసి, వాటి బదులు మా అమ్మాయి తనే రెండు అల్లింది.

ఆ రాకాసిలోయ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. తోకచుక్క, మకరదేవత, జ్వాలాద్వీపం అన్నీ ఆయనవే. చందమామలో వచ్చినప్పుడు ఆయన పేరు ఉండేది కాదు. మా అమ్మ తరం మొత్తం ఆ కథలు చదివి పెరిగింది, రాసింది ఎవరో తెలియకుండా. ఆ సంగతి చెప్పినప్పుడు అమ్మ కాసేపు మాట్లాడలేదు. "పాపం, మహానుభావుడు" అంది.

మిగిలిన ఒక్క కథ, చాకలి రేవు దగ్గర దెయ్యం కథ, ఎక్కడా దొరకలేదు. వాళ్ళ నాయనమ్మ చెప్పిందని అమ్మ అంది. ఆ కథ ఎవరిదో ఎవరికీ తెలియదు, కానీ మా ఫోన్‌లో రికార్డయిన మాటలు, ఆ చెప్పిన తీరు అమ్మవి. దాన్ని దాదాపు అలాగే రాసుకుంది కాబట్టి, అమ్మ అనుమతి కావాలి, పేరు పెట్టాలి అంది మా అమ్మాయి.

"నా పేరెందుకే బంగారం? నేనేమన్నా రాశానా? అది అందరూ చెప్పుకునేదే" అంది అమ్మ. ఊరికే ఇచ్చే ఆడవాళ్ళంతా అనే మాటే అది. మంగళహారతులు కట్టినవాళ్ళు, అప్పగింతల పాటలు అల్లినవాళ్ళు, చుక్కల ముగ్గులు కనిపెట్టినవాళ్ళు ఎవరైనా పేరు వేసుకున్నారా? మనకి అవి అందాయి, వాళ్ళు అందలేదు.

రెండు రోజుల తర్వాత అమ్మే ఫోన్ చేసింది. బీపీ మాత్రల గురించి, వంటమనిషి మానేయడం గురించి చెప్పి, పెట్టేయబోతూ అంది. "దాంతో చెప్పు. పేరు వేస్తే మా పుట్టింటి ఇంటిపేరుతో వెయ్యమను. ఆ కథ ఆ ఇంట్లోది."

పెళ్ళయిన యాభై ఎనిమిదేళ్ళకి అమ్మ ఆ ఇంటిపేరుతో తన పేరు అచ్చులో చూసుకుంది.

ఆట ఇప్పుడు నెట్‌లో ఉంది. మొదటి పేజీలో నాలుగే పంక్తులు. ఆట పేరు, రాసినవాళ్ళ పేరు, ఎక్కడ దొరుకుతుందో లింకు, ఏ లైసెన్సో దాని లింకు. దాని కింద, బొమ్మలకి వేరే లైసెన్సు అని. ఆ కింద, రేవు దెయ్యం కథ చెప్పింది ఫలానా అని.

మీరు తయారుచేసి పంచుతున్నవాటి మీద కూడా ఈ నాలుగు పంక్తులు రాసి చూడండి. రాసేముందు అందులో మీది ఏది, ఎవరి దగ్గర తీసుకున్నది ఏది అని ఒక్కసారి కూర్చుని లెక్కేయండి. తీసుకున్నవాళ్ళలో ఇంకా ఫోన్ ఎత్తేవాళ్ళుంటే, ఇప్పుడే అడగండి, వాళ్ళ పేరు ఎలా వెయ్యాలో కూడా.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.